ధర్మలింగం సూది పట్టలేదు

తిరుత్తణిలో నేతవాళ్ళ వీధికి వెళ్ళి ధర్మలింగం ఇల్లెక్కడని అడిగితే, "ఎవరు, ఓడ ధర్మలింగమా?" అని ఎదురు అడుగుతారు. ఓడ దిగి ఏళ్ళు గడిచినా ఆ పేరు మాత్రం దిగలేదు. మొండి ధర్మలింగం అన్నా ఇల్లు చూపిస్తారు గానీ ఆ మాట అతని భార్య వళ్ళియమ్మ చెవిన పడకూడదు. మొగుణ్ణి మొండివాడనే హక్కు తనొక్కదానికే ఉందని ఆవిడ నమ్మకం.

తాతముత్తాతలందరూ గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం నేసినవాళ్ళే. ఆ ఊళ్ళో ఎటు తిరిగినా కొండలే, సముద్రం మాట పాటల్లో వినడమే. డెబ్బయ్యో దశకం మొదట్లో నూలు దొరక్క మగ్గాలు మూలపడితే ధర్మలింగం మద్రాసు హార్బరుకు మూటలు మోయడానికి పోయాడు. అక్కడ ఓడను కట్టే తాళ్ళు చూశాడు. మనిషి తొడంత లావు. 'ఇంత నూలుంటే మా వీధికి ఏడాది పని' అనుకున్నాడట ముందు. ఆ తర్వాత ఆ తాళ్ళ వెంటే పోవాలనిపించింది. ఓడ మీద కూలిపని చేసే కళాసీలకు ఒక పెద్ద ఉంటాడు, సరంగు అంటారు. అలాంటి సరంగునొకణ్ణి పట్టుకుని, వాడు విసుక్కున్నా వదలకుండా తిరిగి, చివరికి కళాసీగా ఓడెక్కాడు.

తండ్రి దండపాణి అన్నం మానేసి కూర్చున్నాడు. "కాలి కింద నేల లేని పనీ ఒక పనేనంట్రా?" అన్నాడు.

"నేలుండి ఏం జేసినాం నాయనా? దాంట్లో గుంట తవ్వుకోని కూర్చున్నాం."

కొడుకు సామాను సర్దుకున్నాడు.

మొదటి ప్రయాణంలో నేతగాడు తప్ప ఇంకొకడు చెయ్యలేని తప్పు చేశాడు. తెగిన తాడును ముడివెయ్యమంటే, తెగిన నూలుపోగును అతికినట్టే ఒడుపుగా ముడేసి, మగ్గం పలకలో ఇరుక్కోకుండా పోగు కొసలు కత్తిరించే అలవాటు కొద్దీ తాడు కొసలు కూడా ముడి దాకా కోసేశాడు. బరువు పడగానే ముడి జారి తాడంతా సముద్రం పాలయింది. "బారెడు తోక వదలాలిరా!" అని సరంగు నెత్తిన మొట్టాడు. ఓడంతా నవ్వింది. అయినా చేతిలో పని ఉన్నవాడు కాబట్టి నిలదొక్కుకున్నాడు. తుప్పు కొట్టడం, రంగు వెయ్యడం, చుక్కాని పట్టడం అన్నీ వచ్చాయి. సరుకు గదుల మీద కప్పే టార్పాలిన్లు చిరిగితే అరచేతికి తోలుపట్టా తొడుక్కుని, దబ్బనమంత సూదితో అతనే కుట్టాలి. అంత సన్నటి కుట్టు ఆ ఓడలో ఇంకెవరికీ రాదు. నీళ్ళ మీద గాలి మొహానికి కొడుతుంటే పని చేసుకోవడమంటే ధర్మలింగానికి ప్రాణం. సెలవుకు ఇంటికొచ్చిన వారానికే ఊరు ఇరుకనిపించేది.

ఇంజనులో నూనె పోసే రత్నస్వామిది తిరువళ్ళూరు. క్రిస్టియన్ల పిల్లవాడు, ధర్మలింగం కన్నా పదేళ్ళు చిన్న. వీళ్ళిద్దరూ మాట్లాడుకుంటే వైజాగు కళాసీలు "అదేం అరవంరా?" అనేవాళ్ళు, తూత్తుకుడి కళాసీలు "సుత్త తెలుగు", అంటే అచ్చ తెలుగు, అనేవాళ్ళు. రెంటికీ చెడ్డ రేవడులు కాబట్టి ఇద్దరూ ఒక్కటయ్యారు. అన్నా అని వాడు, తంబీ అని ఇతను.

రత్నస్వామి తల్లి ఆరోగ్యమేరి తిరువళ్ళూరులో ఒక బడిలో ఆయా. మొగుడు పోయాడు, ఒక్కడే కొడుకు. ఓడెక్కే ముందు ఇద్దరికీ తన ఇంట్లో ఎండురొయ్యల పులుసుతో అన్నం పెట్టేది. ఒకసారి వడ్డిస్తూ వడ్డిస్తూ ధర్మలింగం ముందు కూర్చుంది.

"మా నాయన పళవేర్కాట్లో, అదే పులికాట్లో, పడవ మనిషి. గాలివానలో పాయ. మనిషి దొరకలా. సమాధుల పండగనాడు అందురూ వాళ్ళవాళ్ళ సమాధి కాడ వత్తి ఎలిగిస్తారు గదా నాయనా, నాకు యాడ ఎలిగించాల్నో తెలీదు. గేటు కాడ నిలబడి చేతిలోనే కాలనిచ్చి వచ్చేస్తా. వీడు ఓడెక్కతానంటే ఎక్కనీ, నేనొద్దన్లా. మళ్ళా ఇంటికి తెచ్చే పూచీ మటుకు నీది."

"నాదిలేమ్మా," అన్నాడు ధర్మలింగం. అన్నాడంటే అన్నాడే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి.

డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో వాళ్ళ ఓడ జోర్డాన్‌లో ఎరువుల రాయి నింపుకుని మద్రాసుకు బయల్దేరింది. ఎర్ర సముద్రం దాటి, ఏడెన్ వెనకబడ్డాక, ఇంజను పక్కన పనిచేస్తున్న రత్నస్వామి ఉన్నట్టుండి గుండె పట్టుకుని కూలబడ్డాడు. పైకి మోసుకొచ్చారు. ఓడలో ఉన్న మందులన్నీ వేశారు. మధ్యాహ్నానికి పోయాడు. ధర్మలింగం వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు, నలుగురి ముందూ, నోరు తెరిచి.

కెప్టెన్ చెడ్డవాడు కాదు. అయితే అతనికి తెలిసిన పద్ధతి ఒకటే. నడి సముద్రంలో పోయినవాణ్ణి కాన్వాసులో పెట్టి కుట్టి, కాళ్ళ దగ్గర ఇనుము కట్టి, ప్రార్థన చదివి నీళ్ళలోకి జారుస్తారు. పొద్దు వాలేలోగా అయిపోవాలన్నాడు. కుట్టే పని ధర్మలింగానికే చెప్పారు. ఇంకెవరికి చెబుతారు?

ధర్మలింగం తోలుపట్టా, సూది తెచ్చి కెప్టెన్ కాళ్ళ ముందు డెక్కు మీద పెట్టాడు.

"నేను కుట్టను సార్."

కెప్టెన్‌కు అర్థం కాలేదు. "ఎందుకు?" అన్నాడు హిందీలో.

వచ్చిన హిందీ, రాని ఇంగ్లీషు కలిపి ధర్మలింగం చెప్పుకున్నాడు. "మేము నేసేవాళ్ళం సార్. మా వీధిలో ఎవురన్నా పోతే మగ్గం మీదుండే గుడ్డ చించి ఇస్తాం. దానికి సూది తగలనీం. సచ్చినోడి గుడ్డ మేం కుట్టం."

"అతను క్రిస్టియన్ కదయ్యా?"

"వాడు క్రిస్టియనే సార్. కుట్టేది నేను గదా."

"సరే, ఇంకొకడు కుడతాడు." కెప్టెన్ చుట్టూ చూశాడు. ఒకడు తల వంచుకున్నాడు, ఒకడు బీడీ వెతుక్కున్నాడు. సరంగు మబ్బులేమన్నా పడుతున్నాయా అన్నట్టు ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. డెక్కు మీద సూది అలాగే ఉంది.

"గుడ్డ మాట ఒకటి సార్," అన్నాడు ధర్మలింగం. "అసలు మాట ఇంకోటుంది. వీళ్ళమ్మకు మాటిచ్చినా. వీణ్ణి నీళ్ళకియ్యను. ఇంటికి తీసకపోవాల."

"ఎలా తీసుకుపోతావు? మద్రాసు ఇంకా పదిరోజులు. ఈ ఎండలో?"

"మాంసం గది ఉండాది గదా సార్. మంచుగది."

కెప్టెన్‌కు కోపం వచ్చింది. ఆ గదిలో శవాన్ని పెడితే ఆ మాంసం ఎవరూ తినకూడదు, అంతా పారెయ్యాలి. కంపెనీకి ఏమని చెప్పాలి? నలభై మంది పదిరోజులు ఏం తిని పని చేస్తారు?

"మా ఊళ్ళో ఆడికృత్తిక పండక్కి కొండకు కావడి ఎత్తేవాళ్ళు వారాలు వారాలు నీచు ముట్టరు సార్. ఎవురూ సచ్చిపోలా."

"అది నీ దేవుడు, నీ మొక్కు. మిగతావాళ్ళ కడుపులకు నువ్వెలా మొక్కుతావు? పో, అడుగు. ఒక్కడు కాదన్నా సాయంత్రం సముద్రంలోకే."

అడిగాడు. భోజనాల గదిలో అందరి ముందూ నిలబడి, చేతులు కట్టుకోకుండా, దణ్ణం పెట్టకుండా అడిగాడు. బతిమాలుదామనే వచ్చాడట గానీ నోరు తెరిచేసరికి బతిమాలడం చేతకాలేదు.

"వాడు మీ ఇంజనుకు నూనె పోసినాడు. దానికోసరం పదిదినాలు పప్పన్నం తినలేమంటే చెప్పండి. మొహం చూసి చెప్పండి."

వెనక బల్ల నుంచి ఒకడు, "పని బండచాకిరి, తిండి పప్పన్నమా?" అని గొణిగాడు. ఒక్కడు చాలు, కెప్టెన్ చెప్పనే చెప్పాడు.

అప్పుడు లేచాడు భండారీ, ఓడ వంటవాడు, గోవా ముసలాయన. మాంసం గది తాళంచెవిని ప్రాణంలా మొలకు కట్టుకుని తిరిగే మనిషి. ఆ తాళంచెవి విప్పి చేత్తో పట్టుకుని, గొణిగినవాడి వైపు తిరిగాడు. "వండేది నేను. ఇవాళ్టినుంచి మాంసం వండను. నువ్వు వండుకో పో," అన్నాడు. "సముద్రానికి ఏదో ఒకటి ఇవ్వాల్సిందేనంటే మాంసం ఇద్దాం. మనిషిని వద్దు."

గొణిగినవాడే ముందు లేచి వేటమాంసం భుజాన వేసుకుని బయటికి మోశాడు. గంటలో గది ఖాళీ అయింది.

కెప్టెన్ అడ్డం రాలేదు. ధర్మలింగాన్ని మాత్రం పక్కకు పిలిచాడు. "నీ మాట నెగ్గింది. నేనిచ్చిన ఉత్తరువు కాదన్నావు కాబట్టి అది నేను రాయక తప్పదు. రాస్తే మళ్ళీ నిన్ను ఓడెక్కించుకోరు. తెలుసా?"

తెలుసు. ధర్మలింగానికి భయం వేసింది. మళ్ళీ ఆ గుంట, ఆ మగ్గం, నాన్న మొహం. గాలీ ఉండదు, నీళ్ళూ ఉండవు.

"రాయండి సార్," అన్నాడు.

తండ్రి నేసిన తుండు, అంచు కూడా కుట్టనిది, పెట్టెలోంచి తీసి రత్నస్వామికి కప్పాడు. ఆ రోజు నుంచి ఓడంతా పప్పన్నం. కెప్టెన్ తన బల్ల మీద కూడా అదే పెట్టించుకున్నాడు. అది ఎవరూ చెప్పకుండా చేసినందుకు ధర్మలింగం ఆయన్ని ఇప్పటికీ మెచ్చుకుంటాడు, తన పొట్ట కొట్టింది ఆయనే అయినా. రోజూ పని దిగగానే మంచుగది తలుపు దగ్గర నిలబడి, "తంబీ, కొచ్చి దాటినాం," "తంబీ, ఇంక సిలోన్ చుట్టి పైకి పోవడమే," అని చెప్పేవాడు. విన్నవాళ్ళు నవ్వలేదు.

మద్రాసులో శవాన్ని పెట్టెలో పెట్టి మరలు బిగించారు. కంపెనీ మనిషొకడు వ్యానులో తిరువళ్ళూరుదాకా వచ్చాడు. పెట్టె తెరవకూడదన్నాడు.

"తెరువు నాయనా," అంది ఆరోగ్యమేరి, ఆ మనిషి వైపు చూడకుండా, ధర్మలింగంతో.

"అమ్మా, చాలా దినాలయింది..." అన్నాడు కంపెనీ మనిషి.

"పెట్టెలో రాళ్ళుండాయో నా కొడుకుండాడో నాకెట్ట తెలిసేది? తెరువు."

ధర్మలింగం మరలు విప్పాడు. ఆవిడ వంగి చాలాసేపు చూసింది. చెయ్యి పెట్టి నుదురు తడిమింది. "వీడే," అంది. "నా కొడుకే." ఆ తర్వాతే ఏడ్చింది. తెల్లచొక్కా తెచ్చి తొడగమంటే ధర్మలింగమే తొడిగాడు. అది కుట్టిన చొక్కా. అయినా అది ఆ తల్లి ఇష్టం. సాయంత్రం తిరువళ్ళూరు మట్టిలో పూడ్చారు.

ఆ ఏడాదంతా ఏ ఓడా ధర్మలింగాన్ని రమ్మనలేదు. మళ్ళీ గుంటలో కాళ్ళు పెట్టాడు. దండపాణి ఒక్క మాటా దెప్పలేదు. దెప్పినా బాగుండేదనిపించింది. ఏడాది తిరిగేసరికి కంపెనీ ఆఫీసు నుంచి కబురొచ్చింది. కుట్టుపని తెలిసిన కళాసీ కావాలట. చేసింది తప్పని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే తీసుకుంటారట.

ధర్మలింగం మగ్గం ఆపి కూర్చున్నాడు. ఒక్క ముక్కే. కళ్ళ ముందు సముద్రం ఆడుతోంది. వళ్ళియమ్మ అన్నం పెడుతూ అంది, "రాస్తే రాయి, నేనొద్దన్ను. ఆయమ్మ ముందర కూర్చోని రాయి."

అందుకే మద్రాసు రైలు తిరువళ్ళూరులో ఆగినప్పుడు దిగి, ఆరోగ్యమేరిని వెంటబెట్టుకుని కంపెనీ ఆఫీసుకు వెళ్ళాడు. కంపెనీ మేనేజరు ఇద్దరికీ కుర్చీలు వేయించి, కాగితం, కలం ముందుకు తోశాడు.

ధర్మలింగం కలం పట్టుకున్నాడు. పక్కన ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. కలం బల్ల మీద పెట్టేశాడు.

"మళ్ళా ఎవురన్నా పోతే మళ్ళా అదే జేస్తా సార్. ఇంక తప్పని ఎట్ట రాసేది?"

మేనేజరు నొసలు రుద్దుకున్నాడు. "నాకు నీ మీద కోపం లేదయ్యా. ఎవరో ఒకరు తప్పు ఒప్పుకుంటే గానీ ఈ ఫైలు మూతపడదు, అంతే."

ఆరోగ్యమేరి కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అంతేనా సార్? ఆ కాయితం ఇట్టియ్యండి. తప్పు నా కొడుకుది. మద్రాసు వచ్చిందాకా ఓపిక పట్టకుండా నడి సముద్రంలో సచ్చినాడు. వాడిప్పుడు రాయలేడు గదా, కన్నదాన్ని, నేను ఒప్పుకుంటా. నా బిడ్డ సచ్చినందుకు తప్పయింది, మన్నించండి అని మీరే రాయండి. నాకు రాసేది రాదు, ఏలిముద్ర ఏస్తా. సిరా యాడ?"

బొటనవేలు చాచి కాగితం మీద పెట్టింది. మేనేజరు సిరా తియ్యలేదు. ఆవిడ వేలూ తియ్యలేదు.