బిడ్డకు ఫోన్ కొట్టు

మీ ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడే తెలుగు మీ చేతిలోని ఫోన్‌కు అర్థమవుతుందా? ఎప్పుడైనా పరీక్షించి చూశారా? నేను చూశాను. అప్పటి నుంచి అసూయతో కాలిపోతున్నాను.

మా అక్క తాండూరులో ఉంటుంది. షుగర్ వల్ల చూపు పోయింది. వేళ్ళలో స్పర్శ కూడా తగ్గడంతో, బటన్లు తడిమి నొక్కే పాత ఫోన్ పనికిరాకుండా పోయింది. ధారూర్‌లో ఉన్న కూతురితో మాట్లాడాలంటే ఎవరినో ఒకరిని బతిమాలాలి. కలిపిన మనిషి పక్కనే నిలబడి అంతా వింటాడు.

"నా బిడ్డతోని నా కష్టం చెప్పుకునేటందుకు గూడ ఇంకో మనిషి గావాల్నా తమ్మీ?" అని అడిగింది.

అందుకే మాట వినే ఫోన్ ఒకటి వికారాబాద్‌లో కొని, రైల్లో పట్టుకెళ్ళాను. అక్క దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, "బిడ్డకు ఫోన్ కొట్టు" అంది.

"మీ దగ్గరలో పిల్లల ఫోన్లు అమ్మే కొట్లు ఇవి," అంటూ ఆ యంత్రం దుకాణాల పేర్లు చదవడం మొదలుపెట్టింది.

"గిదేందిరా? నా బిడ్డకే ఇద్దరు పిల్లలు. గామెకు బొమ్మ ఫోనెందుకు?"

ఆ ఫోన్‌కు తెలిసిన తెలుగులో బిడ్డ అంటే పసిపాప, కొట్టు అంటే దుకాణం.

అక్క పక్కింట్లో ఉండే రిటైర్డ్ ఇంజనీరు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి పడిపోయింది. మా అవస్థ చూసి ఆయన తన ఫోన్‌తో "మా అమ్మాయికి ఫోన్ చెయ్యి" అన్నారు. మరుక్షణం అవతల ఆ అమ్మాయి ఫోన్ మోగింది. "ఏముందండీ, చాలా తేలిక," అన్నారు మంచిగానే. ఆ మంచితనానికే నాకు ఒళ్ళు మండింది.

"సారు ఫోన్ సారు మాట ఇంటది. నాది సవతి లెక్క జేస్తది," అంది అక్క.

"పోనీ, 'కూతురికి ఫోన్ చెయ్యండి' అని చూడు అక్కా."

"నా ఫోన్‌కు నేను అండీ అనాల్నా? జనం మాట్లాడేదే భాష అని మీటింగులల్ల మైకుల గొంతు చించుకునేది నువ్వే గదరా!"

ఫోన్ అక్క దగ్గరే ఉంచి తిరుగు రైలెక్కాను.

ఆ తర్వాత ఒక వీడియో చూశాను. అమెరికాలో స్పానిష్ మాట్లాడే ఒక ముసలామె చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె చేతిలోని తెర, ఆ కుర్చీని ఎలా నడపాలో ఆమె భాషలోనే ఓపికగా చెబుతోంది. ఆమె తన తీరులో ఏదో అడిగి నవ్వుతోంది. పరాయి దేశంలో ఆమెకు దక్కిన మర్యాద, సొంత నేల మీద మా అక్కకు దక్కలేదు. అది దేవుడిచ్చిన వరం కాదు. ఎవరో ఆమెలాంటి వాళ్ళ పక్కన కూర్చుని, అడిగి, తయారుచేశారు. మనుషులు చేసిందే కాబట్టి మా అక్కకూ చేయవచ్చు. దేవుడిచ్చిందైతే నాకు ఈ అసూయ ఉండేది కాదు.

మళ్ళీ తాండూరు వెళ్ళినప్పుడు ఆ ఫోన్ సెట్టింగులన్నీ వదలకుండా వెతికాను. సొంత మాట నేర్పే చోటు ఒకటి దొరికింది. "బిడ్డకు ఫోన్ కొట్టు" అంటే ధారూర్ నంబరే కలపాలని దానికి నేర్పాను. అక్క ఆ మాట అంది. అవతల ఫోన్ మోగింది.

"అమ్మా! ఎవలు కలిపిన్రే?"

"ఎవ్వలు గాదు. నేనే కొట్టిన."

"నువ్వా? అబద్ధం!"

"అబద్ధమేందే! మీ మామ ఈడనే ఉన్నడు, అడుగు. ఏయ్ తమ్మీ, నువ్వు జర బయటికి పో. మేం మాట్లాడుకోవాలె."

బయట నాపరాళ్ళ అరుగు మీద కూర్చున్నాను. లోపల గుసగుసలు, మధ్యమధ్య నవ్వులు. నిజం చెప్పొద్దూ, ఆ ఫోన్ మీద కూడా అసూయ పుట్టింది.

అయినా కుదిరింది ఒక్క మాటే. "గీ గోలీల డబ్బ మీద ఏమున్నదో జర సదువు" అని మందుబిళ్ళల పెట్టె చూపిస్తే అది ఇంకా క్షమించండి అంటోంది. అక్క మాట్లాడే ప్రతి మాటనూ నేనొక్కణ్ణే నేర్పలేను. కాబట్టి, ఈ పూటే మీ ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చోండి. వాళ్ళ చేతికి ఫోన్ ఇచ్చి, వాళ్ళ తీరులోనే మాట్లాడనివ్వండి. అది ఏ మాట దగ్గర తప్పుతుందో, ఆ ఫోన్ తయారుచేసినవాళ్ళకు రాయండి. జవాబు రాకపోతే మళ్ళీ రాయండి.