మొక్కు గడ్డం మీద మాస్కు నిలవలేదు

ఆ రోజు పొద్దున డ్యూటీలో దగ్గు మొదలైతే ఏదో దుమ్ము పడిందనుకున్నాను. మాది సోమందేపల్లె దగ్గర చిన్న పల్లె. వానలు లేక వేరుశనగ సేద్యం వదిలేసి, హైవే పక్కన మందుల ఫ్యాక్టరీలో చేరాను. బ్రోమిన్‌ను డ్రమ్ముల నుంచి రియాక్టరుకు ఎక్కించడం నా పని. అది ఎర్రటి ద్రవం. మూత తీస్తే ఘాటైన పొగ లేస్తుంది.

అప్పటికి నాకు గుబురు గడ్డం. మా పాపకు పురిట్లోనే జబ్బు చేస్తే కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను, తలనీలాలు ఇచ్చేదాకా కత్తి తగలనివ్వనని. పాప కోలుకుంది, కదిరికి పోవడమే ఇంకా కుదరలేదు. కానీ గడ్డం మీద మాస్కు సరిగా కూర్చునేది కాదు. పక్కల నుంచి వాసన వస్తుంటే విసుగొచ్చి, ఆ రోజు మాస్కు తీసేసి, కళ్లంలో చేసినట్టే ముక్కుకు తడి టవల్ చుట్టుకున్నాను.

"ఏమప్పా, ఇదేమన్నా శెనక్కాయల దుమ్మా? మాస్కు పెట్టుకో" అని తోటి ఆపరేటర్ ఓబులేసన్న అరిచాడు.

"ఏం కాదులే అన్నా" అన్నాను. నా మొండితనం అలాంటిది.

దగ్గు ఎందుకో చూస్తే పైపు జాయింటు కారుతోంది. వంగి వాల్వు కట్టేసేలోగా గొంతు, కళ్లు మండిపోయాయి. ఓబులేసన్న నన్ను బయటికి లాగి, బట్టలు విప్పించి, షవర్ కింద చాలాసేపు నిలబెట్టాడు. దగ్గు తగ్గింది. ఆసుపత్రికి పోదామన్నా వినకుండా ఇంటికి వచ్చేశాను.

సాయంత్రానికి నాలుగు మాటలు కలిపి మాట్లాడలేకపోయాను. నా భార్య లక్ష్మీదేవి ఆటో పిలిచి ఆసుపత్రిలో చేర్పించింది. రక్తంలో ఆక్సిజన్ ఎనభై నాలుగు శాతానికి పడిపోయింది. ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ అంది: "కెమికల్ న్యుమోనైటిస్. లంగ్స్‌లో నీరు చేరింది. ఇది గంటలు గడిచాక బయటపడుతుంది. తడిగుడ్డ ఆ పొగను ఆపదు, ముఖానికే పట్టి ఉంచుతుంది."

ఐసీయూలో మాస్కు గుండా గాలి నెట్టే బైపాప్ మిషన్ పెట్టారు. సిస్టర్ ఎంత బిగించినా గాలి గడ్డం సందుల్లోంచి పోతూనే ఉంది. "గడ్డం తీసేద్దాం. లేదంటే గొంతులోకి ట్యూబ్ వేయాల్సి రావచ్చు" అంది డాక్టరమ్మ. నేను తల అడ్డంగా ఊపాను. చచ్చిపోతానన్న భయం కంటే, మొక్కు తప్పితే పాపకు ఏమవుతుందోనన్న భయం పెద్దదిగా ఉండింది.

లక్ష్మీదేవి ఏడుస్తూనే నా చెయ్యి పట్టుకుంది. "స్వామికి నేను చెప్పుకుంటా. ఊపిరి లేకుంటే మొక్కు యాడ తీరుస్తావు? గీయండమ్మా" అంది.

గీశారు. మాస్కు అతుక్కుంది. గాలి లోపలికి దిగుతుంటే మొక్కు తప్పానని సిగ్గుపడ్డాను, బతికానని ఏడ్చాను కూడా.

తొమ్మిదో రోజు ఇంటికి పంపారు. కాస్త బాగుందని స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా ఆపేశాను. వారం తిరక్కుండా పిల్లికూతలు, మళ్లీ నెబులైజర్, అందరి చేతా చీవాట్లు. ఊపిరితిత్తుల బలం కొలిచే పీఎఫ్‌టీ పరీక్ష చేసి డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పింది: "ఆస్తమాలాంటిది మిగిలిపోయింది. బ్రోమిన్ దగ్గరికి మళ్లీ పోవద్దు."

ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు. మేనేజరు వెంటపడి సేఫ్టీ స్టోరులో పని తీసుకున్నాను. ఏడాదిన్నరగా అక్కడే ఉన్నాను. జేబులో ఇన్‌హేలర్ ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. మాస్కు ఇచ్చే ముందు ప్రతివాడి ముఖానికీ పెట్టించి, గాలి ఎక్కడైనా చొరబడుతోందేమో చూస్తాను.

నేను చెప్పేది ఒకటే. గడ్డం ఉంటే ఆ మాస్కు ఉన్నా లేనట్టే. మొక్కున్నా, మాల వేసుకున్నా ఎవరినీ గడ్డం తీయమనను. ఆ గడువు తీరేదాకా వేరే సెక్షన్ అడిగి తీసుకోండి. సిగ్గుపడొద్దు.

నిన్న గడ్డంతో వచ్చిన ఒకతన్ని అలాగే ఆపేశాను. "నువ్వేమన్నా మా నాయనవా నాకు చెప్పేకి?" అని నోరు చేసుకున్నాడు. ప్యాకింగ్‌కు మార్పించాను. సాయంత్రం షిఫ్టు దిగి గొణుక్కుంటూ ఇంటికి పోయాడు. ఈ పొద్దున మళ్లీ అదే కోపంతో డ్యూటీకి వచ్చాడు. ఊపిరి బాగుండి వచ్చాడు, నాకది చాలు.