లాండ్రీ బావిలో పెట్రోలు వాసన

ఇరవై రెండేళ్లుగా ఏ నేలలో పెట్రోలు ఇంకినా నేను రాసే మందు ఒక్కటే. పంపు పెట్టి నీళ్లు తోడండి, బొగ్గు ఫిల్టర్‌లో వడకట్టండి, బయటికి వదలండి. అందుకే పాడైన నేలనూ నీళ్లనూ బాగుచేయించే మా ఆఫీసులో నన్ను ‘పంపు డాక్టరు’ అనేవాళ్లు. అది మెచ్చుకోలనుకుని చాలాకాలం మురిసిపోయాను. “మెచ్చుకుంటున్నారో, ఇంకేమైనా అంటున్నారో ఓసారి కనుక్కోండి” అంది మా ఆవిడ. నేను కనుక్కోలేదు. ధైర్యం చాలలేదు.

అలాంటి రోజుల్లో ఒక లాండ్రీ నుంచి ఫిర్యాదు వచ్చింది. వెనకవైపు బావి నీళ్లతో ముప్పై ఏళ్లుగా బట్టలుతికిస్తున్న ఆవిడకు, ఉన్నట్టుండి తెల్లచొక్కాల్లోంచి పెట్రోలు కంపు కొట్టడం మొదలైందట. కారణం కనిపెట్టడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేకపోయింది. వీధి మూల మీది పెట్రోలు బంకులో నేలలో పాతిన పాత ట్యాంకు తుప్పు పట్టి చిల్లుపడింది. ఎన్నాళ్లుగా కారుతోందో బంకువాళ్లకే తెలియదు.

ఆ చుట్టుపక్కల ఎనిమిది బోర్లు వేయించాం. వేసినాయన్ని అందరూ బోరు మామ అంటారు. మా ఇద్దరికీ తేడా ఒక్కటే. ఆయన బోరు వేస్తాడు, నేను కొడతాను. పైకొచ్చిన మట్టిని వేళ్లతో నలిపి, వాసన చూసి ఆయన చెబుతుంటే, నేను నా పుస్తకంలో రాసుకున్నాను. రాసుకున్నది చదవాలన్న ఆలోచన మాత్రం రాలేదు. జవాబు నాకు ముందే తెలుసు కదా!

వారం తిరక్కుండా లాండ్రీ ముందుగదిలోనే సమావేశం పెట్టాను. ఆవిడే ఉతికిన దుప్పటి గోడకు కట్టి, దానిమీద ప్రొజెక్టరుతో నలభై ఆరు బొమ్మలు చూపించాను. అన్నిటిలోనూ పంపు ఉంది. బంకు యజమాని ఆవలించాడు. లాండ్రీ ఆవిడ మాత్రం ఆసాంతం విని, “ఈ పంపు ఇంతకుముందు ఎక్కడైనా పెట్టారా బాబూ?” అంది.

“పెట్టకేం అక్కా! బస్సు డిపోలో పెట్టాం.”

“అక్కడ నీళ్లు బాగయ్యాయా?”

“బాగవుతున్నాయి.”

“ఎన్నాళ్ల నుంచి?”

నేను నీళ్లు తాగాను. బంకు యజమాని కూడా నిద్ర లేచి నావైపే చూస్తున్నాడు.

“పదకొండేళ్ల నుంచి.”

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. దుప్పటి విప్పి మడత పెట్టుకుంటూ, “మురికి గుడ్డలో ఉంటే నీళ్లు మారుస్తూ కూర్చుంటే ఏం లాభం బాబూ” అంది. ఇరవై రెండేళ్ల నా ఉద్యోగంలో నేను మరిచిపోయింది అదే. పెట్రోలు మట్టిరేణువులకు అంటుకుని ఉంటుంది. ఎన్ని రోజులు తోడినా, కొత్తగా వచ్చిన నీళ్లలోకి మళ్లీ దిగుతూనే ఉంటుంది.

మర్నాటికి నాలో పౌరుషం పొడుచుకొచ్చింది. ఈసారి కొత్త పద్ధతి. నేల అడుగుకి గాలి ఊదుతాం, పెట్రోలు ఆవిరై పైకి లేస్తుంది, దాన్ని గొట్టాలతో పీల్చేస్తాం. బ్రహ్మాండం! గొట్టాలు దింపడానికి బోరు మామను పిలిపించాను.

“గాలి పైకెలా వస్తుందండీ? మధ్యలో బంకమట్టి ఉందిగా” అన్నాడాయన.

“ఎవరన్నారు?”

“మీరే రాసుకున్నారుగా.”

పుస్తకం తెరిచాను. నా చేతిరాతే. ‘బంకమట్టి, మూడడుగుల మందం’ అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. ఆ పొర కింద చిక్కిన ఆవిరి పక్కలకు పరుగెత్తి, ఎక్కడ సందు దొరికితే అక్కడ తేలుతుంది. ఆ సందు ఎక్కడుందో అప్పుడు తట్టింది. లాండ్రీ నేలమాళిగ ఆ బంకమట్టిని తవ్వి కట్టిందే. అందులో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఇద్దరు ఆడవాళ్లు కాలుతున్న ఇస్త్రీపెట్టెలతో పనిచేస్తుంటారు.

నేరుగా లాండ్రీకి వెళ్లాను. “అక్కా, నిన్న చెప్పింది తప్పు. ఇవాళ చెప్పబోయింది ఇంకా పెద్ద తప్పు.”

“మరి రేపు చెప్పబోయేదో?”

“రేపటిది నేనొక్కణ్నే చెప్పను. ముందు ఇస్త్రీ పైకి మార్పించండి, కింద ఇప్పటికే పెట్రోలు ఆవిరి చేరుతూ ఉండొచ్చు.”

ఆవిడ ఆ గంటలోనే మార్పించింది.

తర్వాత మొదటిసారిగా లెక్కలన్నీ చదివాను. మట్టిలోని సూక్ష్మజీవులు అప్పటికే పెట్రోలును తింటున్నాయని ప్రయోగశాల కాగితాల్లో ఉంది. వాటికి కొరవడింది ప్రాణవాయువు ఒక్కటే. నేనూ బోరు మామా కూర్చుని ఒక దారి ఎంచుకున్నాం. ట్యాంకునూ, చుట్టూ నానిన మట్టినీ పెకలించి తీసేయాలి. నీటిమీద తేలే పెట్రోలును పీల్చేయాలి. ఆపైన నెమ్మదిగా ప్రాణవాయువు విడిచే పొడిని నీళ్లలో కలిపి బోర్లలోంచి బంకమట్టి కిందకి పంపాలి. మూడు నెలలకోసారి పరీక్షించాలి. అంతవరకూ లాండ్రీకి కుళాయి నీళ్లు.

ఇంట్లో ఇదంతా గొప్పగా వివరించాను. మా ఆవిడ సాంతం వింది. “అంటే పని పురుగులు చేస్తాయి, సంతకం మీరు పెడతారు.”

“అంతే.”

“మంచిదే. ఇప్పటిదాకా పనీ మీరే చేశారు, అదే ఇబ్బంది.”

నా నివేదిక నాలుగు పేజీలే అయింది. పై అధికారి వెనకా ముందూ తిరగేసి, “పంపు ఏదయ్యా?” అన్నాడు. లేదని చెప్పాను. జ్వరమేమైనా వచ్చిందా అని అడిగాడు.

రెండున్నరేళ్లు పట్టింది. బావి నీళ్లు వరుసగా నాలుగు పరీక్షల్లో శుభ్రంగా తేలాయి. బంకు పక్కనున్న బోరు మాత్రం ఇంకా మొండికేస్తోంది. దానిలోకి పొడి పంపుతూనే ఉన్నాం. నాలుగో ఫలితం వచ్చిన రోజు లాండ్రీ ఆవిడ ఒక తువ్వాలు బావి నీళ్లలో ఉతికి, ఆరబెట్టి, నా ముఖానికి పట్టింది. “చెప్పండి, వాసనుందా?”

గట్టిగా పీల్చాను. ఏమీ తెలియలేదు. ఆనందంతో తల అడ్డంగా ఊపాను. అప్పుడు గుర్తొచ్చింది, రెండు రోజులుగా నాకు పడిశం. ఆ మాట చెప్పలేక తువ్వాలు బోరు మామకిచ్చాను. ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు వాసన చూసి, “సబ్బు” అన్నాడు.