దారం కట్టిన మందారం

నర్సరీలో అందరికీ ఆవిడ కుండీల పిన్ని. పదహారేళ్ళుగా కుండీలు కడగడం, మట్టి నింపడం ఆవిడ పని. పువ్వునూ పువ్వునూ కలిపి కొత్త రకాలు పుట్టించడం యజమాని పని. తనకూ నేర్పమని పిన్ని అడిగితే "నీకెందుకమ్మా ఆ తలనొప్పి?" అనేవాడు. సరే, అడిగితేనే కదా కాదనేది! ఆయన పైపులు కొనడానికి వెళ్ళిన ఓ పూట, అగ్గిపుల్లకు దూది చుట్టి, ఎర్ర ముద్దమందారం పుప్పొడి తీసి పసుపు రెక్కమందారానికి అద్దేసింది.

కాయలో తొమ్మిది గింజలు. మొలిచింది ఒక్కటే. ఆ ఒక్క మొక్క కోసం రెండేళ్ళు కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూసింది. చివరికి మొగ్గ తొడిగింది! అది మర్నాడు విచ్చుకుంటుందనగా, ఎవరైనా తుంచేస్తారేమోనని సాయంత్రం కొమ్మకు ఎర్రదారం కట్టి ఇంటికెళ్ళింది. ఆ సంతోషంలో అన్నం కూడా సయించలేదు.

పొద్దున్నే వచ్చి చూస్తే మొక్క లేదు. కనబడిన వాళ్ళనల్లా అడిగింది.

"దారం కట్టుంది కదా పిన్నీ, మొదటి ట్రిప్పులోనే దించేసొచ్చా. చివరి వీధి పంతులమ్మగారింట్లో," అన్నాడు వ్యాను డ్రైవరు.

అక్కడ అమ్ముడైన మొక్కకే దారం కడతారు. పదహారేళ్ళుగా తెలిసిన ఆ సంగతి సరిగ్గా నిన్ననే మరిచిపోయింది మహాతల్లి!

ఒకటే పరుగు. దారిలో చెప్పు తెగితే చేత్తో పట్టుకుంది కానీ ఆగలేదు.

పంతులమ్మగారి మెట్ల మీద పది కుండీలు. వాటి మధ్య ఆ మొగ్గ విచ్చుకుని ఉంది. అంచులు పసుపు, లోపలికి రాగిరంగు, నడిమధ్యన వంకాయరంగు. ఐదు రెక్కల మధ్య మరో బుల్లి వరుస లేచి నిలబడింది. ఇటు ముద్దా కాదు, అటు రెక్కా కాదు. పిన్నికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చేశాయి.

"ఎంత బావుందో! దీని పేరేంటమ్మా?" అంటూ పంతులమ్మ బయటికొచ్చింది.

"ఇంకా పెట్టలేదండీ. పుట్టి గంటే అయింది. నేనే పుట్టించా!"

వగరుస్తూనే జరిగిందంతా చెప్పేసింది. అంతలో డ్రైవరు మాట విని యజమాని బైకు మీద దిగాడు. పువ్వు ముందు గొంతుక్కూర్చుని, రెక్కలు ఒక్కొక్కటీ వేలితో తాకి చూశాడు.

"ఇలాంటివి మీ దగ్గర ఇంకా ఉన్నాయా?" పంతులమ్మ అడిగింది.

"నా దగ్గరెక్కడివండీ? ఇది ఈవిడ మొక్క. ఒక్కటే ఉంది, వెనక్కిచ్చేయండి. దీని అంటు మొదట మీకే ఇస్తాం."

కుండీ తనే ఎత్తుకుని, "ఇప్పుడు కుండీలు కడగడానికి ఇంకో మనిషిని వెతుక్కోవాలి," అని గొణిగాడు.

ఆ మాట అర్థం కావడానికి పిన్నికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక, పక్కనున్న పంతులమ్మను పట్టుకుని గట్టిగా వాటేసుకుంది.