తాతయ్య కంచంలో చపాట కారం

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో రైసుమిల్లుల వెనక వీధిలో ఉండేవాళ్లం. మా తాతయ్య మిల్లులో హమాలీ. ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్లల్లో నీళ్లు తిరగాలి, లేకపోతే ఆయన లెక్కలో అది అన్నమే కాదు. వేడి అన్నంలో గొడ్డుకారం, పచ్చినూనె కలుపుకుని ముక్కు ఎగబీలుస్తూ తిని, బస్తాలు మోయడానికి వెళ్లేవాడు.

పొగాకు నమిలే అలవాటు ఆయన దవడను తినేసింది. లోపల పుండు లేచి మానలేదు. హైదరాబాదు పెద్ద దవాఖానలో చూసి, చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొండి అన్నారు. కారం మాత్రం ముట్టించవద్దన్నారు. పోయే మనిషికి ఇంకా ఈ పత్యాలేమిటని నాకు కోపం వచ్చేది. కానీ చారులో చిటికెడు కారం తగిలినా ఆయన గోడకు తల ఆనించి మూలగడం చూశాక నోరు మూసుకున్నాను.

నాయనమ్మ పాలన్నం పిసికి పెట్టింది. తాతయ్య కంచం నెట్టేశాడు.

"నేనేమన్న పసిపోరన్నా? గీ తెల్లకూడు నా ముంగట పెట్టకు."

ఆ మాట తర్వాత ఆయన తిండి మానేశాడు. రోగం కంటే ముందు ఆకలే చంపేస్తుందేమోనని ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది.

నాయనమ్మ పుట్టిల్లు నర్సంపేట దగ్గర. అక్కడి చేలలో చపాట మిరప పండుతుంది. మన సన్నమిరపలా పొడుగ్గా ఉండదు, పొట్టిగా, లావుగా ఉంటుంది. టమాట మిరప అని కూడా అంటారు. తోలు మందం, ఎరుపు చిక్కన, కారం మాత్రం పేరుకే. నాలుక మీద కొంచెం తియ్యగా కూడా తగులుతుంది. పచ్చళ్లకు రంగు రావాలంటే అక్కడివాళ్లు అదే వేస్తారు, ఘాటు కావాలంటే సన్నమిరప కలుపుకుంటారు. ఇప్పుడు దానికి ఎక్కడలేని పేరొచ్చింది గానీ, అప్పట్లో మా వీధిలో దాని సంగతి ఎవరికీ తెలియదు.

నాయనమ్మ సూర్యాపేట మీదుగా బస్సులో వెళ్లి సంచెడు కాయలు తెచ్చింది. ఒక్కో కాయా చీల్చి గింజలూ లోపలి తెల్ల ఈనెలూ తీసేసింది, ఉన్న ఆ కాస్త ఘాటూ వాటిలోనే ఉంటుందని. తోళ్లు ఎండబెట్టి, నాలుగు చుక్కల నూనె వేసి దంచి, పలచని గుడ్డలో జల్లించింది. ఇంట్లో ఉన్న సన్నమిరప కారం డబ్బాను పక్కింటి అక్కకు ఇచ్చేసింది. ఆ తర్వాత మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టింది.

"ఇయ్యాల్టి సంది అందరికీ గిదే కారం. తాత పక్కన కూసొని తినాలె. మంట మంట అని నీల్లు తాగాలె. సమజైందా?"

ఆరోజు వంకాయ కూర ఎర్రగా నిప్పులా ఉంది. తాతయ్య కంచంలో మాత్రం మెత్తగా మెదిపి నెయ్యి పోసింది. మేం ఉస్సుమంటూ చెంబులు ఖాళీ చేశాం. తాతయ్య మమ్మల్ని చూశాడు, తన కంచం చూసుకున్నాడు, మెల్లగా తినడం మొదలుపెట్టాడు. నాయనమ్మ పొయ్యి వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆయన్ని ఎంత బాగా మోసం చేశామోనని నాకు ఒకటే సంబరం.

వానలు పట్టేసరికి మనిషి చిక్కి సగమయ్యాడు. గంజి తప్ప ఏదీ దిగడం లేదు. ఒక మధ్యాహ్నం నాయనమ్మ కారం కాదు కదా, ఉప్పు కూడా వేయని తెల్లటి గంజి తెచ్చింది. ఇక రంగు కలిపే ఓపిక ఆమెకూ లేదు. గిన్నె పట్టుకుని ఆయన మంచం పక్కన కూర్చుంది. తాతయ్య ఆమె ముఖంలోకి చూశాడు. చెంచాడు మింగి, ఊపిరి కూడదీసుకుని, మాలాగే ఉస్సుమన్నాడు.

"నీల్లియ్యి బిడ్డా. మీ నాయినమ్మ ఇయ్యాల కారం జర ఎక్కువేసింది."

నాయనమ్మ గిన్నె కింద పెట్టి ఏడ్చింది. నేను నీళ్లు తెచ్చేసరికి ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాడు. మొదటి రోజు నుంచీ ఆయనకు అంతా తెలుసని అప్పుడు అర్థమైంది. ఆ ఎర్ర కూర ఆయన తనకోసం తినలేదు. ఆ కారం దంచిన చేతుల కోసం తిన్నాడు. ఆ వారంలోనే పోయాడు.

ఇప్పుడు నాకు షుగరు. నా కోడలు రాగి జావలో ఏదో వేసి, బెల్లం వేశానత్తమ్మా అంటుంది. వేయలేదని నాకు తెలుసు. తియ్యగా ఉందమ్మా అని గిన్నె ఖాళీ చేసి ఇస్తాను.