పెరోగీ బుగ్గలు

హార్లిన్‌లో ఇప్పుడు పోస్టాఫీసు లేదు. కెనడాలోని సస్కాచ్వాన్ గోధుమ పొలాల మధ్య ఆ ఊరే సగం ఖాళీ అయింది. కానీ అక్కడ పెరిగినవాళ్లను పోస్టాఫీసు నడిపిన ఓల్గా హ్లుష్కో గురించి అడగండి, ఉత్తరాల ఊసెత్తరు, బుధవారాల గురించి చెబుతారు.

బుధవారం బడి వదలగానే పిల్లలు హామ్‌స్టర్లను కోటు లోపల దాచుకుని పోస్టాఫీసుకు వచ్చేవారు. గుప్పిట్లో ఇమిడే, ఎలుకల్లాంటి పొట్టి రకం అవి. జబ్బు చేసినా పైకి తెలియనివ్వవు, ముందు బరువు తగ్గుతాయి. గ్రాముల్లో తూచే త్రాసు ఊరు మొత్తంలో ఓల్గా దగ్గరే ఉండేది. పెరుగు డబ్బాలో పెట్టి తూచి, డబ్బా బరువు తీసేసి, అంకె చెప్పేది.

"ఇది పోస్టాఫీసా, ఎలుకల ఆసుపత్రా?" అనేవాడు వరుసలో నిలబడ్డ ముసలి రైతు.

"నీ బరువు కూడా చూడమంటావా? త్రాసు విరుగుతుందేమో" అనేది ఓల్గా.

ఆమె భర్త నెస్టర్ పోయి అప్పటికి రెండేళ్లు. ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. బుధవారాల కోసం ఆమె మంగళవారం నుంచే ఎదురుచూసేదని ఎవరికీ తెలియదు.

తొమ్మిదేళ్ల బ్రిన్ హామ్‌స్టర్ పేరు పెరోగీ. బంగాళాదుంప ముద్ద పెట్టి చేసే పెరోగీ కుడుములా గుండ్రంగా ఉండేది, అందుకే ఆ పేరు. ఆ చలికాలం అది తెగ నీళ్లు తాగుతోందని, గూట్లో పరిచిన రంపపు పొట్టు అంతా తడిసిపోతోందని బ్రిన్ చెప్పింది. బరువు మాత్రం వరుసగా నాలుగు వారాలు నలభై ఒకటి. "గుండ్రాయిలా ఉంది, దిగులు పడకు" అంది ఓల్గా.

ఐదో బుధవారం పెరోగీ డబ్బాలో కూర్చుని, ఎందుకో బెదిరి, తిండి దాచుకునే రెండు బుగ్గలూ ఖాళీ చేసింది. ఒకటి, రెండు, ఐదు, ఏడు ఎండుద్రాక్షలు. ఓల్గా వాటిని ఏరి పక్కన పెట్టింది. త్రాసు ముల్లు కిందికి జారి ముప్పై నాలుగు దగ్గర ఆగింది. ద్రాక్షలు పోయాక ఆ జంతువు ఎముకల మీద బొచ్చు కప్పినట్టుంది.

"ఎవరు పెట్టారమ్మా ఇవి?"

బ్రిన్ బూట్ల వైపు చూసింది. "నేనే. గుమ్మం దగ్గర. ప్రతిసారీ."

"ఎందుకు?"

"మా క్లాసు కోడీ వాళ్ల హామ్‌స్టర్ బరువు తగ్గిందని మీరు చెప్పారు కదండీ. వారం తిరక్కుండా చచ్చిపోయింది. మీరు తగ్గిందంటే ఇక అంతేనని అందరికీ తెలుసు."

ఓల్గా ముప్పై ఏళ్లలో మొదటిసారి పని వేళలో పోస్టాఫీసుకు తాళం వేసి, బ్రిన్ తల్లికి ఫోన్ చేసి చెప్పి, పిల్లనూ పెరోగీనీ ట్రక్కులో ఎక్కించుకుని పక్క ఊళ్లో పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన చేయి ఆవు కడుపులో భుజం దాకా దూర్చడానికి అలవాటు పడ్డది. ఆ చేత్తోనే పెరోగీని ఎత్తి, అది వేలి మీద పోసిన ఉచ్చ చుక్కలో కాగితపు పట్టీ ముంచాడు. పట్టీ ముదురాకుపచ్చకు తిరిగింది.

"షుగరు. ఈ రకానికి తొందరగా పట్టుకుంటుంది. తీపి మానెయ్యండి. పండ్లు, క్యారెట్లు ఏవీ వద్దు. ఎండుద్రాక్షలైతే విషం కిందే లెక్క."

తిరుగు దారిలో బ్రిన్ కిటికీలోంచి మంచు చూస్తూ అడిగింది.

"నేనే దీన్ని చంపేస్తున్నానా?"

ఓల్గా ట్రక్కు దారి పక్కన ఆపింది. కాదు అనడం తేలిక. కానీ తన మాట నమ్మే పిల్ల అది, దానికి అబద్ధం చెప్పలేకపోయింది.

"జబ్బు నువ్వు తెచ్చింది కాదు. కానీ ఆ ద్రాక్షలు మంచి చేయలేదు. నేనూ చూసుకోవాల్సింది, చూసుకోలేదు."

తర్వాత ఎవరికీ చెప్పని మాట చెప్పింది. "మా ఆయన జబ్బుతో తగ్గిపోతున్నప్పుడు క్లినిక్‌లో బరువు చూసేవారు. జేబుల్లో ట్రాక్టరు బోల్టులు వేసుకుని ఎక్కేవాడు, తగ్గలేదనిపించుకోవాలని. ఆ బోల్టులు గరాజులో వెతికి ఇచ్చేది నేనే."

"మీరెందుకిచ్చారు?"

"నాకూ ఆ అంకె వినాలని లేదు."

బ్రిన్, పెరోగీ ఉన్న పెరుగు డబ్బాను ఇద్దరి మధ్యలోకి జరిపింది.

పెరోగీ వసంతంలో విత్తనాలు చల్లే కాలం దాకా బతికింది. ప్రతి బుధవారం బ్రిన్ దాన్ని ఖాళీ బుగ్గలతో తెచ్చి త్రాసు మీద పెట్టేది. ఓల్గా ఉన్న అంకె ఉన్నట్టు చెప్పేది. తగ్గిన వారాల్లో వరుసలో ఎవరున్నా సరే, ఇద్దరూ అక్కడే నిలబడి ఏడ్చేవారు.