గోడ అవతల వినపడిన దగ్గు

మా పక్కింటాయన మొన్న మంగళవారం పోయారు. రేపల్లెలో మా వీధంతా ఆయన్ని మంచివారంటోంది. నేను అనలేను. మా రెండిళ్ల మధ్య గోడ గురించి ఆయన వేసిన కేసు ఇంకా నడుస్తూనే ఉంది. మేము ఊళ్లో లేని రోజు చూసి, ఆకులు రాలుతున్నాయని మా మునగచెట్టు కొట్టించారు. మా కుక్క మొరుగుతోందని మున్సిపాలిటీకి ఫిర్యాదు చేశారు. అయినా ఈ నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఆ కుక్కే చిన్ని, మా తెల్ల పొమేరియన్. వయసు మీదపడ్డాక, నిద్ర లేచినప్పుడల్లా దగ్గడం మొదలుపెట్టింది. గొంతులో ఏదో అడ్డుపడిందనుకున్నాం. ఒకరోజు ఆయన గోడ మీదుగా కేకేశారు.

"ఏమ్మా, ఆ దగ్గు మీ ఇంట్లో ఎవరికీ వినపడట్లేదా?"

"దగ్గినా ఫిర్యాదేనా అండి?" అన్నాను.

"అది గొంతుది కాదు, గుండెది. నాలుగడుగులు వేసి కూలబడుతోంది, చూడట్లేదా? మా ముసలి కుక్క, వాడూ ఇట్టాగే దగ్గాడు. జలుబనుకున్నాం, పోయాడు. తెనాలిలో కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి."

ఒళ్లు మండింది. అయినా ఆదివారం తీసుకెళ్దామనుకున్నాం. ఈలోపే, మావారు బాపట్లలో డ్యూటీలో ఉండగా, చిన్ని గుమ్మంలో స్పృహ తప్పి పడిపోయింది. నా ఏడుపు విని పక్కింటాయనే కారు తీశారు.

దారిపొడుగునా తిట్టారు. "దీని మొహం చూసి వస్తున్నా. కేసు మాత్రం వదల్ను."

"వదలమని ఎవరడిగారండి?" అన్నాను. నా ఒళ్లో చిన్ని మెడ చాచి ఊపిరి కోసం పెనుగులాడుతోంది.

తెనాలి డాక్టరు ముందు ఆక్సిజన్ పెట్టి, తర్వాత స్కానింగ్ తీశారు. గుండెలో కవాటం సరిగ్గా మూసుకోక ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. పూర్తిగా నయం కాదు, కాచుకుంటే బతుకుతుందన్నారు. మాత్రలు ఎప్పటికీ మానకూడదు. ఉప్పు తగ్గించాలి, పరిగెత్తించకూడదు. నిద్రలో ఊపిరి లెక్కపెట్టాలి, నిమిషానికి ముప్పై దాటితే వెంటనే తీసుకురావాలి.

అప్పట్నుంచి ప్రతి సాయంత్రం గోడ అవతల్నుంచి అదే గొంతు.

"మాత్ర వేశారా?"

"వేశానండి."

"ఊపిరెంత?"

"ఇరవై రెండండి."

మా మధ్య మాటలు అంతవరకే. పండక్కొచ్చిన మా ఆడపడుచు చిన్నికి అప్పడం ముక్క విసిరితే, గోడ అవతల్నుంచే ఆమెను ఏడిపించి వదిలారు. ఆయన లాయరు నోటీసు మా చేతికందిన సాయంత్రమూ మాత్ర గురించి అడిగారు. నేను పలకలేదు.

"నా మీద కోపంతో దాని మాత్ర ఆపకమ్మా," అన్నారు.

"మీ మీద కోపం వేరు, దాని మాత్ర వేరండి. వేశాను," అన్నాను.

ఆ కోపం ఇప్పటికీ పోలేదు. చిన్ని బతికి ఉందంటే ఆయన వల్లనే. ఈ రెండూ నిజాలే.

ఆయన్ని తీసుకెళ్తుంటే గేటు దగ్గరే నిలబడ్డాను. చిన్ని జనం వెంట బయల్దేరింది. అంత దూరం నడవలేదు కదా, ఎత్తుకుని వీధి చివరిదాకా వెళ్లాను. డప్పుల మోత దూరమయ్యేదాకా అది అటే చూస్తూ ఉంది. నా అరచేతి కింద దాని డొక్క మెల్లగా లేచి, మెల్లగా పడుతోంది.